అప్‌డేట్: డార్ట్‌బోర్డ్ క్యాబినెట్ తలుపులు ఇప్పుడు సరిగ్గా పడుతున్నాయి

ఇంట్లో చేసిన టేకు డార్ట్‌బోర్డ్ క్యాబినెట్‌ని (చిన్న బాణాలు విసిరి ఆడే బోర్డును లోపల పెట్టే తలుపుల పెట్టె) గోడకు బిగించాక తలుపులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయని అడిగాను కదా, సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వానలకు చెక్క ఉబ్బడం, బందులు నాసిరకం కావడం, రెండూ కారణాలు కావు. "గోడ చూడండి" అన్నవారి మాటే నిజమైంది. కార్పెంటర్ వచ్చి దారానికి గుండు కట్టి వేలాడదీస్తే, కింద ఒక మూల ప్లాస్టరింగ్ లోపలికి ఉంది. స్క్రూలు బిగించేకొద్దీ చట్రం అటు మెలితిరుగుతోంది. నేల మీద పడుకోబెట్టినప్పుడు తలుపులు చక్కగా మూసుకున్నది అందుకే. ఆ మూల వెనక పల్చటి ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించారు, అంతే.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు దయచేసి తొందరపడి తలుపు అంచులు చిత్రిక పట్టకండి. ముందు గోడ స్క్రూలు కాస్త వదులు చేసి చూడండి. తలుపులు సర్దుకుంటే లోపం గోడలోనే.

బోర్డు ఎత్తు అడిగినవారికి: నేల నుంచి బుల్స్‌ఐ (బోర్డు నడిమి చిన్న వృత్తం) మధ్యకు 5 అడుగుల 8 అంగుళాలు.