అప్‌డేట్: బోర్డు లేనిచోట స్పీడ్ గన్ చలానా

హెచ్చరిక బోర్డు లేనిచోట, బండి వేగం కొలిచే స్పీడ్ గన్‌తో వేసిన చలానా చెల్లుతుందా అని అడిగాను కదా. మీ జవాబులు, రూల్ రెండూ చదివాక తేలింది ఇదీ.

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఏ నిబంధన ప్రకారం కెమెరా నిఘా ఉన్న దారికి ముందే హెచ్చరిక బోర్డు స్పష్టంగా కనపడాలి. పరికరానికి ఏటా రెన్యువల్ చేయించే సర్టిఫికెట్ ఉండాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి. కాబట్టి బోర్డు లేకపోవడం గట్టి అభ్యంతరమే. బోర్డు చూసి ముందే బ్రేక్ వేస్తేనే కదా ప్రమాదం తప్పేది! చాటున నిలబడి ఫొటో తీస్తే ఫైన్ వస్తుంది గానీ ఆ క్షణాన వేగం తగ్గదు.

"గన్ పక్కనుంచి పట్టారు, అందుకే ఎక్కువ చూపించింది" అనే వాదన మాత్రం నిలబడదు. నిలకడగా ఉన్న గన్ కోణంలో కొలిస్తే తక్కువే చూపిస్తుంది. 10 డిగ్రీల కోణంలో 100 కిలోమీటర్ల వేగం 98.5 గా పడుతుంది.

ఫొటోలో గురి గుర్తు ఎక్కడుందో చూడండి. గన్ నుంచి వచ్చే లేజర్ కిరణం దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది, 300 మీటర్ల దగ్గర సుమారు మీటరు. పక్క లేన్‌లో బండి ఆనుకుని వస్తుంటే కొలత దానిది కావచ్చు. ఎదురొచ్చే కారు అద్దం మీంచి బానెట్ మీదికి కిరణం జారినా అంకె పెరగొచ్చు. మంచి గన్ అలాంటి రీడింగ్‌ని తీసుకోదు. డబ్బు కట్టకముందే ఆ ఫొటో సేవ్ చేసుకోండి.