ముత్తాతగారి ఫొటోలో యూనిఫాం ఏ రెజిమెంట్‌ది?

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మా ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చారని ఇంట్లో అందరికీ తెలుసు, ఏ దళమో మాత్రం ఎవరికీ తెలియదు. అట్టకి అంటించిన స్టూడియో ఫొటో ఒక్కటే మిగిలింది. వెనక పెన్సిల్‌తో "బస్రా 1917" అని ఉంది (బస్రా ఇరాక్‌లో ఊరు).

నిక్కరు, మోకాళ్ల దాకా చుట్టిన పట్టీలు, ఐదు గుండీల చొక్కా. కుడి చేతి మీద రెండు వీ ఆకారపు గీతలున్నాయి, అంటే నాయక్ (కార్పొరల్ స్థాయి హోదా) అనుకుంటున్నా. తలపాగా లేదు. అంచు లేని ఎత్తు టోపీ, బోర్లించిన గిన్నెలా ఉంది, ముందు బ్యాడ్జి ఏమీ లేదు. ఎడమ భుజం మీద ఇత్తడి అక్షరాలు రెండు వరసలు. పై వరస చెదలు తినేసింది. కింది వరసలో మొదటిది ఇంగ్లీషు 'ఎస్', చివరిది 'ఎమ్', మధ్యలో ఏదో మెలిక.

1200 డీపీఐలో స్కాన్ చేసి కాంట్రాస్ట్ పెంచి చూశా, మెలిక ఇంకా మసకబారింది. గూగుల్ లెన్స్ పోలీసు యూనిఫాం అంటోంది! ఒక రికార్డుల ఆఫీసుకి రెండుసార్లు ఉత్తరం రాస్తే, సర్వీస్ నంబరు లేనిదే వెతకలేమన్నారు. ఆ నంబరు యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చిన పతకం అంచు మీద చెక్కి ఉంటుందట. మావాళ్లేమో వెండి కదా అని దాన్ని ఎప్పుడో కరిగించి కాళ్ల పట్టీలు చేయించేశారు.

ఆ టోపీ, 'ఎస్ అండ్ ఎమ్' లాంటి ఆ అక్షరాలు చూస్తే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) అనిపిస్తోంది. 1917 నాటికి ఇలాంటి టోపీ వాళ్లొక్కరే పెట్టుకునేవారా, మద్రాసు వైపు వేరే దళాలకీ ఉండేదా?