గోదారి రాళ్ళని మెషిన్‌లో వేసి పాలిష్ చెయ్యడం అవసరమా?

రాళ్ళడబ్బా:
పోయిన నెల రాజమండ్రి వెళ్ళినప్పుడు గోదారి ఇసక తిన్నెల్లో ఏరుకొచ్చిన గులకరాళ్ళు, కిలోన్నర ఉంటాయి, నాలుగు వారాలు టంబ్లర్‌లో (రాళ్ళని నీళ్ళతో తిప్పి నునుపు చేసే మోటారు డబ్బా) తిరిగి నిన్న బయటికొచ్చాయి. మొదటి వారం 60/90 గ్రిట్ (అరగదీసే గరుకు పొడి, అంకె పెరిగేకొద్దీ మెత్తన), తర్వాత 120/220, తర్వాత 500, చివర్లో మెరుపుకి అల్యూమినియం ఆక్సైడ్ పొడి. ఒక ఎర్ర జాస్పర్ రాయిలో అయితే మా హాల్లో ట్యూబ్‌లైట్ కనపడుతోంది. మా బావమరిది చూసి "దార్లో దొరికిన రాయికి ఇంత సేవ ఏంటి బావా" అన్నాడు. హాబీయా, పనిలేని పనా? మీరే చెప్పండి.

కొవ్వూరు గౌతమి:
పనిలేని పని అయితే పర్లేదండీ, ఇది చెడగొట్టే పని. ఆ రాయిని గోదారి ఎన్ని వేల ఏళ్ళు దొర్లించి నునుపు చేసిందో, దాన్ని పట్టుకెళ్ళి రబ్బరు డబ్బాలో వేసి నెల రోజుల్లో సబ్బుబిళ్ళ చేశారు. ఫోటోలో అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఎక్కడిదో చెప్పగలరా మీరు?

వోల్టేజ్ వెంకట్:
నాలుగు వారాలు 24 గంటలూ మోటారా?? కరెంట్ బిల్లు ఎవడు కడతాడు బ్రదర్

రాళ్ళడబ్బా:
వెంకట్, నా మోటారు 40 వాట్లు. రోజంతా తిరిగినా ఒక్క యూనిట్ కాదు, 28 రోజులకి 27 యూనిట్లు. మీ ఏసీ రెండు మూడు రాత్రులకి తినేస్తుంది.
గౌతమి గారూ, మీరు గోదారి పక్కన పుట్టి ఈ మాట అంటే ఎలా. నీళ్ళలో ఉన్నప్పుడు ఆ రాయి ఎంత బాగుంటుంది, ఎరుపు ఎరుపులా పసుపు పసుపులా. ఇంటికి తెచ్చి ఆరాక చూస్తే బూడిద కొట్టుకుపోయినట్టు ఉంటుంది. ఎందుకంటే పైన కంటికి కనపడని గరుకు ఉంటుంది, వెలుతురు దాని మీద పడి చెదిరిపోతుంది. తడిపితే ఆ గుంటలు నీళ్ళతో నిండి లోపలి రంగు తేలుతుంది. పాలిష్ చేస్తే ఆ గరుకే పోతుంది, ఇక తడపక్కర్లేదు. నేను కొత్త రంగేమీ వెయ్యలేదు, రాయి రంగు రాయికి ఇచ్చాను అంతే. అన్నట్టు ఆ అగేట్లు (అకీకు రాళ్ళు), జాస్పర్లు మీ ఊళ్ళో పుట్టినవి కూడా కావేమో, ఎక్కువ పైనుంచి, మహారాష్ట్ర వైపు బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) బొరియల్లోంచి కొట్టుకొచ్చినవే.

కొవ్వూరు గౌతమి:
మాకూ ఉందండీ బసాల్ట్, మా దగ్గర్లోని పంగిడి క్వారీలు చూశారా ఎప్పుడైనా? తడిస్తే బాగుంటుందంటే గాజు గిన్నెలో నీళ్ళు పోసి అందులో పెట్టుకోండి, మోటారు ఎందుకు.

వోల్టేజ్ వెంకట్:
27 యూనిట్లు అయినా 27 యూనిట్లే కదా

నాలుగో ఫ్లోర్:
అన్నా సౌండ్ ఎంతొస్తది? మా దోస్తు ఒకడు ఫ్లాట్ల ఇదే పెట్టిండు, కిందోళ్ళు రోజూ లొల్లి. దానికి తోడు ఆ బురద అంతా బాత్రూంల పోసిండు, పైపు బిగుసుకపాయె, ప్లంబర్ వచ్చి పైపు కోసిండు. ఆ బురద ఏడ పొయ్యాలె మరి?

రాళ్ళడబ్బా:
పొరపాటున కూడా డ్రైన్‌లో పొయ్యొద్దు. రాతిపొడీ గ్రిట్టూ కలిసిన బురద అది, పైపు వంపులో పేరుకుంటే సిమెంటే. నేను బకెట్‌లో కడుగుతా, రెండ్రోజులు తేరనిచ్చి పైనీళ్ళు వంపేసి, అడుగున ఉన్నది తడిగానే కవర్లో కట్టి చెత్తలో వేస్తా. సౌండ్ అంటారా, దూరంగా వానలా ఉంటుంది. మా ఆవిడ మాత్రం అలా అనదు.

సగం డాక్టర్:
తడిగానే కట్టడం మంచి పని. గుజరాత్‌లో ఖంభాత్ అని ఉంది, తరతరాలుగా అకీకు రాళ్ళు సానబట్టే ఊరు, అక్కడ పొడి పీల్చి సిలికోసిస్ (రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చినవాళ్ళు చాలామంది. ఆరిన బురద దులపకండి, పొడిగా గ్రైండర్ పట్టకండి.

కొవ్వూరు గౌతమి:
చూశారా, ఊపిరితిత్తులు పాడవుతాయట.

రాళ్ళడబ్బా:
ఆయన పొడిగా పడితే అన్నారండీ!! మూత బిగించిన డబ్బాలో నీళ్ళలో తిరిగేదానికి దుమ్మెక్కడిది. మీరు చదవాలనుకున్నదే చదువుతున్నారు.

డులూత్ రావు:
ఇక్కడ అమెరికాలో, మిన్నెసోటాలో లేక్ సుపీరియర్ అగేట్ అంటే పిచ్చి, 1969లోనే రాష్ట్ర రత్నం చేశారు. మా వీధిలో గ్యారేజీకో టంబ్లర్. ఎవరూ ఇలా కొట్టుకోరు.

కొవ్వూరు గౌతమి:
మీ గ్యారేజీలో మీ ఇష్టం రావు గారూ.

రాళ్ళడబ్బా:
అసలు మీ బాధేంటో సూటిగా చెప్పండి గౌతమి గారూ. రాత్రీపగలూ లారీలకి లారీలు ఇసక తోలుకుపోతుంటే నోరెత్తనివాళ్ళు నా కిలోన్నర రాళ్ళ మీద పడి ఏడవటం ఏంటి? గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పడం తేలిక.

కొవ్వూరు గౌతమి:
నోరెత్తలేదని మీకెవరు చెప్పారు? సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా. మా అమ్మవి అచ్చనగండ్లు ఉండేవి, ఐదు. పెళ్ళికి ముందు తాతయ్యతో రేవుకి వెళ్ళి ఒక్కొక్కటే ఏరుకుందట, అన్నీ ఒకే బరువు వచ్చేదాకా. నలభై ఏళ్ళు ఆడింది వాటితో, మాతో, తర్వాత మా పిల్లలతో. ఒక రాయికి ఒక పక్క కొంచెం పల్లం, అమ్మ బొటనవేలు అక్కడే పడేది. అమ్మ పోయాక డబ్బాలో దాచుకున్నా. పోయిన వేసవిలో మా మేనల్లుడు వచ్చి, మీలాగే కొత్త మెషిన్ కొన్నాడు, "అత్తా, సర్‌ప్రైజ్" అని నాలుగు తీసుకెళ్ళి పాలిష్ చేసి తెచ్చాడు. గాజుగోళీల్లా ఉన్నాయి. పైకి ఎగరేసి చేతి వెనకవైపు పడితే ఒక్కటి నిలవదు, జారిపోతాయి. పల్లం లేదు. ఒకటి పగిలింది కూడా. వాడు పొగుడుతానని మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, బాగున్నాయి నాన్నా అన్నాను. ఇంకేం అనను?

వోల్టేజ్ వెంకట్:
సారీ అక్కా

రాళ్ళడబ్బా:
ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నా, తప్పే. కానీ ఒకటి చెప్పనివ్వండి, అది అడక్కుండా చేసిన పిల్లాడి తప్పు, టంబ్లర్ తప్పు కాదు. ఇసకలో నేను ఏరిన రాళ్ళ మీద ఎవరి బొటనవేలూ లేదు.

కొవ్వూరు గౌతమి:
లేదని మీకెలా తెలుసు? రేవులో అడిగి తెచ్చుకున్నారా?

డులూత్ రావు:
నదిని ఎవరడుగుతారండీ

రాళ్ళడబ్బా:
ఇదిగో మళ్ళీ మొదలు. ఇంకో సంగతి, పగిలింది అంటే రాయిలో ముందే బీట ఉండుంటుంది, వేసేముందు గోరుతో చూసుకోవాలి. లేదా డబ్బా సగమే నింపుంటాడు, మూడింట రెండొంతులైనా ఉండాలి, లేకపోతే రాళ్ళు జారకుండా ఎగిరి పడతాయి. క్వార్ట్జ్‌తో పాటు సున్నపురాయి లాంటి మెత్తది వేసినా అది అరిగి సగమవుతుంది. మీ మేనల్లుణ్ణి నాకు మెసేజ్ పెట్టమనండి, నేర్పుతా.

కొవ్వూరు గౌతమి:
వాడికి నేర్పితే ఇంకెవరి రాళ్ళు ఎత్తుకెళ్తాడో.

నాలుగో ఫ్లోర్:
అక్కా ఐదన్నవ్, నాలుగు తీస్కపోయిండన్నవ్. ఇంకోటి?

కొవ్వూరు గౌతమి:
అది అమ్మ మంచం కింద దొర్లిపోయి ఉంది, వాడికి దొరకలేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంది.

రాళ్ళడబ్బా:
పాలిష్ చేసిన దాని పక్కన పెట్టి ఒక ఫోటో తీసి పెట్టండి గౌతమి గారూ. ఊరికే చూద్దామని, ఒట్టు.

కొవ్వూరు గౌతమి:
పెట్టను.