అప్‌డేట్: మెడ తలనొప్పి, కైరోప్రాక్టిక్ సంగతి

మెడ పట్టేసి కుడి కణత దాకా లాగే తలనొప్పికి, వెన్ను, మెడ ఎముకల్ని చేత్తో తిప్పి సరిచేసే కైరోప్రాక్టర్‌ దగ్గరకెళ్లొచ్చా అని అడిగాను కదా. ముందు గవర్నర్‌పేటలో న్యూరాలజిస్టుకి చూపించా. డాక్టరమ్మ పుర్రె కింద వేలితో నొక్కగానే నొప్పి సరాసరి కంటి వెనక్కి పాకింది! మెడలోని పై 3 నరాలు, ముఖానికి స్పర్శనిచ్చే నరం చేరేది ఒకే చోటికట. అందుకే మెడ బాధ తలలో తెలుస్తుంది. మెడను ఝటుక్కున తిప్పించుకోవద్దన్నారు. అరుదే గానీ, వెన్నుపూసల పక్కన వెళ్లే ధమని చీలితే పక్షవాతం రావచ్చు. (సెలూన్లో మర్దన చేసి మెడ విరిచేవాళ్లకీ ఇదే మాట.)

ఇప్పుడు ఫిజియోథెరపీ. వెల్లకిలా పడుకుని గడ్డం లోపలికి లాగి పట్టుకోవాలి. చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, చేస్తే చెమటలే. నొప్పి పూర్తిగా పోలేదు, మాత్రలు మాత్రం బాగా తగ్గాయి.