మా పాప తనని అమ్మాయి అనొద్దంటోంది, నేనేం చేయాలి?

బరంపురం_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మా పెద్దపాపకి 16 ఏళ్ళు, ప్లస్ టూ మొదటి సంవత్సరం. మూడు వారాల కిందట రాత్రి నేను గిన్నెలు తోముతుంటే పక్కన వచ్చి నిలబడి, "అమ్మా, నన్ను ఎవరైనా అమ్మాయి అంటే అది నేను కాదనిపిస్తోంది, పోనీ అబ్బాయినా అంటే అదీ గట్టిగా చెప్పలేను, నాకే తెలియట్లేదు" అంది. క్లాసులో ఒక అమ్మాయంటే ఇష్టమని కూడా చెప్పింది. నేను కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయాను. సరే పడుకో, పొద్దున మాట్లాడదాం అన్నాను. పొద్దున మాట్లాడలేదు. ఆ మర్నాడూ మాట్లాడలేదు. ఇప్పటికీ అదే నన్ను తినేస్తోంది.

వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. ఓణీల ఫంక్షన్‌కి మా అమ్మ వేసిన గాజులు మొన్న అటక సర్దుతుంటే స్వీట్ల డబ్బాలో దొరికాయి. ఆ సాయంత్రమే తీసేసి, ఒక్కటీ పగలకుండా మధ్యలో దూది పెట్టి మరీ దాచింది. వాళ్ళ అమ్మమ్మ మనసు నొప్పించకూడదని అంత జాగ్రత్త పడిన పిల్లని ఇన్నాళ్ళూ పెంకిది అనుకున్నాను.

ఈ మధ్య నాతో ఒడియాలోనే మాట్లాడుతోంది. ఎందుకే అని అడిగితే, ఒడియాలో అతను వచ్చాడన్నా ఆమె వచ్చిందన్నా 'సే ఆసిలా' ఒక్కటే కదమ్మా, తెలుగులో అయితే ఎవరు నోరు తెరిచినా వచ్చింది, తిన్నది, చిన్నదానివి అని ఏదో ఒకటి వచ్చి మీద పడుతుంది అంది. నాకు నోట మాట రాలేదు.

మా ఆయన సూరత్‌లో పని చేస్తారు, ఆయనకింకా తెలియదు. అత్తగారు ఏదో పసిగట్టి తాయెత్తు కట్టిద్దాం అంటున్నారు. వచ్చే నెల ఇచ్ఛాపురంలో మా తమ్ముడి పెళ్ళి, లంగా ఓణీ కుట్టించమని మావాళ్ళ గొడవ. ఇది జబ్బా? డాక్టరుకి చూపించాలా? తప్పుగా అనుకోకుండా చెప్పండి.

గోపాల్‌పూర్_కెరటం:

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకిప్పుడు 29. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, ఇప్పుడు విశాఖలో అబ్బాయిగానే ఉద్యోగం చేసుకుంటున్నాను.

నేను 17 ఏళ్ళప్పుడు ఇంట్లో చెప్పాను. వారం తిరగకుండా ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, మా నాన్నతోనే మాట్లాడి, మాత్రలు రాసి, చదువు మాన్పించి పెళ్ళి చేసేయండి, అదే సర్దుకుంటుంది అన్నాడు. నాలుగు నెలలు ఆ మాత్రల మత్తులో పడుకున్నాను, పరీక్షలు పోయాయి. నాకు జబ్బు లేదు. ఆడవాళ్ళు ఆడవాళ్ళని ఇష్టపడడం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది, నాలాంటి వాళ్ళని కూడా 2019లో మానసిక రుగ్మతల్లోంచి తీసేశారు. ఇలాంటి పిల్లల్ని 'మార్చేస్తాం' అని వైద్యం చేస్తే అది డాక్టరు వృత్తిలో తప్పు కిందికే వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. వీటిలో మొదటిది అప్పటికే ఉన్నా, అది తెలిసినవాళ్ళు కూడా ఆ రోజు మా ఇంట్లో ఒక్కరు లేరు.

ఉన్నది మా నాయనమ్మ. ఆవిడకి ఈ మాటలేవీ తెలియవు. రోజూ సాయంత్రం నా మంచం పక్కన కూర్చుని "ఏరా, ఇంత అన్నం తినరా" అనేది. మన ఇళ్ళలో కూతుళ్ళని కూడా ముద్దుగా ఏరా, నాన్నా, కన్నా అంటాం కదా, ఆవిడ అలాగే అనేది. నాకు మాత్రం ఇంట్లో ఒక్కరైనా నన్ను చూస్తున్నారు అనిపించేది. మీరు ఆ 'ఎందుకే'లో 'ఏ' ఒక్కటి వదిలేసి చూడండమ్మా. ఇంకోటి, తేల్చి చెప్పు అని అడగొద్దు. నాకు తేలడానికి ఆరేళ్ళు పట్టింది.

రాయగడ_నాన్న:

నేను వేరేగా అనుకుంటున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. ఈ వయసులో ఇవాళ ఒకటి, రేపు ఒకటి. ఫోన్‌లో చూసిందల్లా నాదే అనిపిస్తుంది. మనం సరే సరే అని తలూపితే రేపు వెనక్కి రావాలన్నా రాలేరు. ఊళ్ళో మాట పుడితే ఆ పిల్లకే కాదు, ఇంట్లో మిగతా పిల్లల సంబంధాలకీ ఇబ్బందే. కొట్టమని, తిట్టమని నేననను. తాయెత్తూ వద్దు. కొన్నాళ్ళు పట్టించుకోకుండా ఊరుకుంటే మంచిదని నా ఉద్దేశం. సూరత్‌లో ఉన్న ఆయనకి మాత్రం ఫోన్‌లో చెప్పకండి. ఒంటరిగా గదిలో కూర్చుని అది విన్న మనిషికి రాత్రంతా ఎలా గడుస్తుందో నాకు తెలుసు, నేనూ పన్నెండేళ్ళు బయటే ఉన్నాను. ఇంటికొచ్చాక, కడుపునిండా తిన్నాక చెప్పండి.

పర్లాకిమిడి_సిస్టర్:

నేను స్టాఫ్ నర్సుని. అన్నయ్యగారూ, మీరన్నట్టు ఇది కొన్నాళ్ళకి మారొచ్చు, మారకపోవచ్చు, ఆ బిడ్డకే తెలియదంటోంది. కానీ రెండిట్లో ఏదైనా ఇవాళ తల్లి చేయాల్సింది ఒక్కటే: ఇంట్లో చెప్పుకోగలిగేలా ఉంచడం. జుట్టు, బట్టలు, పిలిచే పేరు, వీటిలో వెనక్కి తీసుకోలేనిది ఏముంది? ఊరుకోవడం మాత్రం పిల్లలకి ఊరుకోవడంలా ఉండదు. అమ్మకి చెప్పాను, అమ్మ మాట్లాడలేదు, అంటే నేను చెప్పకూడనిదేదో చెప్పాను అనుకుంటారు. మా వార్డుకి వచ్చిన పిల్లల్లో అలా అనుకున్నవాళ్ళని చూశాను. పక్కన కూర్చుని సెలైన్ ఎక్కించాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అమ్మా, డాక్టరుకి చూపించాల్సింది ఈ సంగతికి కాదు. నిద్ర పోకపోయినా, అన్నం మానేసినా, చేతి మీద గాట్లు కనిపించినా, చచ్చిపోతానన్న మాట ఏ రూపంలో వచ్చినా ఆగకండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగూ ఒడియా రెండూ మాట్లాడతారు. మీ టెన్షన్‌కి మీరు కూడా చేసి మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికే వెళ్తే ముందు మీరొక్కరే వెళ్ళి, "పిల్లని మార్చమని రాలేదు, తోడుగా ఉండమని వచ్చాను" అని చెప్పి ఆయన ముఖం చూడండి. అక్కడే తెలిసిపోతుంది.

కొందరు పిల్లలు ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టుకుంటారు, ఊపిరాడదు, పక్కటెముకలు నొప్పెడతాయి. అలాంటిది కనిపిస్తే అరవకుండా వదులు చొక్కాలు, స్పోర్ట్స్ బ్రా కొనిపెట్టండి. నెట్‌లో చూసి హార్మోన్ మాత్రలు తెప్పించుకోవడం మాత్రం ప్రమాదం, ఆ ఒక్కటి స్పష్టంగా చెప్పండి. ఇంకొకటి, ఆ బిడ్డని అడక్కుండా మీ ఆయనకైనా సరే చెప్పొద్దు. ఆ మాట మీకు నమ్మి ఇచ్చింది.

బరంపురం_అమ్మ:

అందరికీ దణ్ణాలు. రాయగడ నాన్నగారూ, మీ భయమే నా భయం కూడా, కానీ సిస్టర్ గారు చెప్పింది చదివాక ఊరుకోలేకపోయాను.

నిన్న సాయంత్రం మేడ మీద వడియాలు తీస్తూ మాట్లాడాను. ఆ రోజు నేను భయపడి మాట్లాడలేదు, నీ తప్పు కాదు అన్నాను. చాలాసేపు జవాబు లేదు, ఎండిన వడియాలు ఒక్కొక్కటీ గుడ్డ మీంచి ఒలిచి డబ్బాలో వేస్తూ ఉంది (ఇక్కడ కూడా 'ఉంది' అనే రాశాను, వేరేలా రాయడం ఇంకా చేతకావట్లేదు, నేర్చుకుంటాను). తర్వాత నాన్నకి దసరాకి చెబుదాం, నేనూ పక్కనే ఉంటాను అన్న మాట తన నోటి నుంచే వచ్చింది. మా ఒడిశా అమ్మాయి, పరుగు పందేల ద్యుతీ చంద్ 2019లో ఒక అమ్మాయిని ఇష్టపడుతున్నానని అందరి ముందూ చెప్పిందని, అప్పటి నుంచీ ఆ పేపర్ ముక్క దాచుకున్నానని తెచ్చి చూపించింది. అప్పటికి నా బిడ్డకి ఎన్నేళ్ళో లెక్కేసుకుంటే కడుపులో దేవినట్టయింది.

పెళ్ళికి కుర్తా పైజామా కుట్టించడానికి ఇచ్చాం, నీలం రంగు. మావాళ్ళు అడిగితే తన ఇష్టం అని చెప్తాను. రాత్రి "ఏరా, తిన్నావా" అన్నాను. "తిన్నానమ్మా" అని తెలుగులోనే వచ్చింది జవాబు.