లూర్దుకి అమ్మతో వెళ్తున్నాం: టెంటా, హోటలా?

నెకర్‌తీరం:
అందరికీ నమస్తే. మేం ఉండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్. అమ్మ జూన్‌లో వచ్చింది, సెప్టెంబరు మొదట్లో తిరుగు ప్రయాణం. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్ళకి తప్పకుండా వెళ్ళే మనిషి. వచ్చిన రోజు నుంచీ ఒకటే మాట, "అసలు లూర్దు ఇక్కడికి దగ్గరే కదరా" అని. లూర్దంటే ఫ్రాన్సులో ఒక గుహ దగ్గర మరియమాత కనిపించిందని చెప్పే ఊరు. దగ్గరేం కాదు, కారులో 1,200 కిలోమీటర్ల పైచిలుకు. అయినా ఆగస్టు 13 నుంచి 16 దాకా సెలవు పెట్టాను. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. అమ్మకి 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పోయిన ఏడాది కొన్న ఐదుగురి టెంటు ఉంది. లూర్దు చుట్టుపక్కల ఎక్కడ వేసుకోవచ్చు? లేక హోటలే మేలంటారా?

టెంటుబాబాయ్:
తమ్ముడూ, సరైన చోట అడిగావు. పదకొండేళ్ళుగా తులూజ్‌లో ఉంటున్నాను, లూర్దు మాకు రెండు గంటల దారి. ఊరి అంచుల్లోనే క్యాంపింగులున్నాయి. ఇంకా బాగుండాలంటే దక్షిణంగా ఆర్జెలెస్-గజోస్ వైపు వెళ్ళు, 13 కిలోమీటర్లు ఉంటుంది. గావ్ నది పక్కన, కొండల కింద, వరసగా క్యాంపింగులే. వేడినీళ్ళు, శుభ్రమైన టాయిలెట్లు, చాలాచోట్ల పొద్దున్నే బ్రెడ్డు. పాత రైలుదారి మీద వేసిన సైకిల్ బాట ఉంది, పిల్లలు ఎగిరి గంతేస్తారు. హోటలు గదిలో ఏముంది, నాలుగు గోడలు.

గుంటూరుకోడలు:
బాబాయ్ గారూ, ఆయన మోకాళ్ళ నొప్పులని రాశారు. మీరు సైకిల్ బాట గురించి చెప్తున్నారు.

రాత్రి రెండింటికి ఆవిడ నేల మీంచి లేవాలి. పట్టుకోవడానికి గోడ లేదు. జిప్పు కిందిదాకా లాగాలి, వంగి బయటికి రావాలి, చెప్పులు వెతుక్కోవాలి, టార్చి పట్టుకుని మంచుకి తడిసిన గడ్డి మీద వంద అడుగులు వేసి టాయిలెట్ దాకా పోవాలి. మళ్ళీ అంతా తిరిగి. ఈ వయసులో రాత్రికి రెండుసార్లయినా తప్పదు. మగవాళ్ళకి ఈ లెక్క తట్టదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌ఫణి:
ఫ్రాన్సులో టెంటు జోలికి పోకండి. పోయిన వేసవిలో సముద్రం పక్కన కారులోనే పడుకున్నాం, రాత్రి రెండింటికి పోలీసులు అద్దం మీద కొట్టి లేపారు. పిల్లలు ఏడుపు. ఆ దెబ్బతో ఫ్రాన్సుకి దండం.

టెంటుబాబాయ్:
ఫణీ, కారు టెంటు కాదు, సముద్రం కొండ కాదు. సముద్రపు ఒడ్డున, రక్షిత కట్టడాల చుట్టూ బయట టెంటు వేయడం నిషేధం. మిగతా చోట్ల కూడా ఆ ఊరి మేయరు వద్దంటే వద్దనే. అది వేరే సంగతి, డబ్బు కట్టి క్యాంపింగులో దిగడం వేరే సంగతి. ఆ మాటకొస్తే లూర్దుకి దక్షిణాన కొండల్లో ఉన్న పిరనీస్ నేషనల్ పార్కులో డబ్బు కట్టకుండా కూడా టెంటు వేసుకుని పడుకోవచ్చు. సాయంత్రం 7 నుంచి పొద్దున 9 దాకా, పార్కు హద్దు నుంచో కారు దారి నుంచో గంటకు మించి నడక ఉన్న చోట.

కోడలు గారికి: క్యాంపు మంచాలని దొరుకుతాయి. కుర్చీ ఎత్తుంటాయి.

గుంటూరుకోడలు:
గంటకు మించి నడక! మోకాళ్ళ నొప్పుల ఆవిడని తీసుకెళ్ళి!

టెంటుబాబాయ్:
ఆవిడని తీసుకెళ్ళమని ఎవరన్నారు? రూలు చెప్పాను.

అరటిపువ్వు:
7 కాదు, సూర్యాస్తమయం నుంచి అని ఎక్కడో చదివాను.

టెంటుబాబాయ్:
పార్కుని బట్టి మారుతుంది. పిరనీస్‌లో 7.

గుంటూరుకోడలు:
గావ్ నది పక్కన అన్నారు కదా. 2013 జూన్‌లో ఆ నదే పొంగి లూర్దు గుహలోకి నీళ్ళొచ్చాయి. అంతకుముందు 2012 అక్టోబరులోనూ పొంగింది. అలాంటి నది ఒడ్డున పిల్లల్తో, ముసలావిడతో టెంటు వేసుకోమంటున్నారు. ఎండాకాలంలోనూ ఆ కొండల్లో సాయంత్రానికి ఉరుములు మామూలే.

టెంటుబాబాయ్:
వరదలొస్తే హోటళ్ళు తేలతాయా? 2013లో ఒడ్డున ఉన్న హోటళ్ళలోకీ నీళ్ళొచ్చాయి. ఆగస్టు సంగతి అడిగితే జూన్ సంగతి చెప్తారేంటి?

జపమాల55:
అందరికీ వందనాలు. నాది విజయవాడ, లూర్దు చూడలేదు. ఒక్క మాట. 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే అమ్మాయికి మరియమాత మొదటి దర్శనం అయింది ఆ గుహలోనే. ఆ రోజు కోసమే మన గుణదలలో 9, 10, 11 తేదీల ఉత్సవం. 1924లో అక్కడ మరియమాత స్వరూపం పెట్టినప్పటి నుంచీ జనం వస్తూనే ఉన్నారు. కొండ కింద చాపలు పరుచుకుని, దుప్పటి కప్పుకుని, పక్కవాళ్ళు ఎవరో తెలియకపోయినా పులిహోర పంచుకుని పడుకుంటాం. తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కుతాం. యాత్ర అంటే కొంచెం ఒళ్ళు నొయ్యాలి బాబూ. ఆ తల్లికి నేల మీద పడుకోవడం కొత్త కాదు.

టెంటుబాబాయ్:
బాగా చెప్పారు పెద్దాయనా. హోటల్లో దిగి, బఫే తిని, గుహ ముందు సెల్ఫీ తీసుకుంటే అది యాత్ర కాదు, టూరు.

గుంటూరుకోడలు:
గుణదలలో నేల మీద పడుకున్న మనిషి చుట్టూ తన ఊరివాళ్ళుంటారు. కాలు బెణికితే నలుగురు పట్టుకుంటారు, ఆటో ఎక్కిస్తారు, తన భాషలో డాక్టరుతో మాట్లాడతారు. ఇక్కడ ఆవిడకి కొడుకు ఫోను తప్ప దిక్కు లేదు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇంకొకటి. లూర్దు ఊరే కట్టింది నడవలేని వాళ్ళ కోసం. జబ్బు మనుషుల్ని నీలం బళ్ళలో, చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి వాలంటీర్లు లాక్కెళ్తుంటారు. దాదాపు 13,000 మంది ఉండే ఊరికి అన్ని హోటళ్ళు ఎందుకనుకుంటున్నారు? ఫ్రాన్సులో పారిస్ తర్వాత హోటళ్ళు ఎక్కువున్నది అక్కడే అంటారు. డబ్బు లేనివాళ్ళకి కూడా సిటే సాంపియేర్ అని 1955 నుంచీ బస ఉంది. ఒళ్ళు నొప్పించుకోమని అక్కడ ఎవరూ అడగట్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌ఫణి:
ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణ పండగ. ఫ్రాన్సు జాతీయ తీర్థయాత్ర ఆ రోజుల్లోనే అక్కడ జరుగుతుంది. గది దొరికితే అదే అద్భుతం.

టెంటుబాబాయ్:
అందుకే టెంటు. ఐదుగురికి హోటలు ఎంతవుతుందో కోడలు గారు చెప్పరు, కట్టేది ఆవిడ కాదు కదా.

గుంటూరుకోడలు:
ఆ మాట రానే వచ్చింది. నేను ఎదురుచూస్తున్నది దీనికే.

ఆవిడ జూన్‌లో వచ్చింది. పిల్లలకి స్కూలు సెలవులు ఎప్పుడు? జూలై చివర్లో మొదలవుతాయి. ఆవిడ ఈ మూడు నెలలూ ఏం చేస్తుందో నాకు తెలుసు. వంట చేస్తుంది, బట్టలు మడతపెడుతుంది, పిల్లల్ని చూస్తుంది. బేబీసిట్టరుకి గంటల లెక్కన కడతాం. అమ్మకి రెండు రాత్రులు మంచం ఇవ్వడానికి మాత్రం లెక్కలొస్తాయి.

మా అమ్మ కూడా వచ్చింది, నా రెండో పురుడుకి. మూడు నెలలు. ఇంటి ముందు పార్కు, కూరల కొట్టు, ఆ రెండే చూసింది. లూర్దు తీసుకెళ్ళమని అడిగింది. బిడ్డ చిన్నది, ఖర్చు, ఈసారి వచ్చినప్పుడు వెళ్దాం అన్నాం. మళ్ళీ రాలేదు. రాలేకపోయింది.

టెంటుబాబాయ్:
అమ్మా, నొప్పించి ఉంటే మన్నించు. డబ్బు మాట అనకుండా ఉండాల్సింది.

కానీ నా వైపూ విను. మా నాన్న వచ్చినప్పుడు నేను హోటలే తీసుకున్నాను, మంచిది, లిఫ్టున్నది. పెద్దాయన సుఖంగా ఉండాలని. పగలంతా ఎక్కడికి తిప్పినా సాయంత్రం గదికి రాగానే మంచం చివర కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాని ఫ్రెంచి టీవీ చూసేవారు. ఇంటికొచ్చాక మా అమ్మతో ఫోన్లో చెప్పారు, "జైల్లో పెట్టినట్టుంది" అని. క్యాంపింగులో అయితే పక్క టెంటు వాడి కుక్కతోనైనా మాట్లాడేవారు. అందుకే టెంటు అంటాను. మిగులుతుందని కాదు.

అరటిపువ్వు:
మీ అమ్మగారు, మీ నాన్నగారు సరే. నెకర్‌తీరం గారూ, మీ అమ్మగారిని అడిగారా?

నెకర్‌తీరం:
రెండు రోజులు జవాబివ్వనందుకు క్షమించండి. లేదు, అడగలేదు. నేనే పెద్ద సర్‌ప్రైజ్ అనుకుంటూ వచ్చాను. ఈలోగా మా ఆవిడ ఈ చర్చంతా చదివి ఫోను తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టింది.

అమ్మ టెంటు గురించి ఏమీ అనలేదు. రెండు ప్రశ్నలడిగింది. రాత్రి 9 గంటల కొవ్వొత్తుల ఊరేగింపు అయ్యాక పడుకునే చోటికి ఎంత దూరం నడవాలి? తెల్లారి జనం రాకముందు తను ఒక్కతే గుహ దగ్గరికి వెళ్ళి కూర్చోవచ్చా, నన్ను లేపకుండా? రెండోది విని నాకు కాసేపు మాట రాలేదు. ఆర్జెలెస్ అయితే ప్రతిసారీ నేను కారు తీయాలి.

అదీ కాక, "గుణదలలో నేల మీద పడుకునేది మొక్కుండి కాదురా, గది తీసుకోడానికి డబ్బుల్లేక" అంది.

15కి ఎలాగూ గదులు దొరకట్లేదు, సెలవు ఆ తర్వాతి వారానికి మార్చుకున్నాను. గుహకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఒక గది అమ్మకి, మా ఆవిడకి, చిన్నదానికి. మంచాలు మూడే. నేను, పెద్దోడు ఊరి అంచున క్యాంపింగులో టెంటు. ఒక సాయంత్రం అమ్మ వచ్చి టెంటు చూస్తుందట, "లోపల ఎలా ఉంటుందో చూడాలనుంది, పడుకోడానికి కాదు" అంటోంది.

గుంటూరుకోడలు:
హోటల్లో లిఫ్టు ఉందో లేదో ముందే అడగండి. పాత హోటళ్ళలో మెట్లు ఇరుకు. గుహ పక్కన కుళాయిల నీళ్ళు పట్టుకోడానికి సీసాలు ఇంటి నుంచే తీసుకెళ్ళండి, బయట కొట్లలో అమ్మవారి ఆకారం సీసాలు అమ్ముతారు గానీ మూతలు కారతాయి. ఇండియాకి పంపేటప్పుడు చేతి సంచిలో పెట్టకండి, ఎయిర్‌పోర్టులో తీసేయొచ్చు. నా తరఫున ఒక కొవ్వొత్తి వెలిగించమనండి అమ్మగారిని.

టెంటుబాబాయ్:
ఏ వారమో మెసేజ్ పెట్టు తమ్ముడూ, మంచాలు రెండు నా దగ్గరున్నాయి, తీసుకొచ్చిస్తాను. పెద్దావిడ టెంటు చూడ్డానికి వచ్చినప్పుడు కూర్చోవాలి కదా.

అరటిపువ్వు:
ఇంతకీ ఆ 7 గంటలు శీతాకాలంలో కూడానా?

టెంటుబాబాయ్:
7 అంటే 7.