సుఫ్రెన్ ఓడ ‘ఎరో’: అయిదు యుద్ధాల్లోనూ ఆయన దీని మీదే ఉన్నాడా?

ప్రశ్న
74 ఫిరంగుల ఫ్రెంచి ఓడ ‘ఎరో’ నమూనా కడుతున్నాను. కింది అంతస్తు ఫిరంగులు అమర్చడం అయింది. ఇంగ్లీషు నౌకాసేనాని హ్యూస్‌తో ఫ్రెంచి నౌకాసేనాని సుఫ్రెన్ చేసిన అయిదు యుద్ధాలూ దీని మీంచే నడిపాడా? ఏ యుద్ధం నాటి రూపం ఇస్తే బాగుంటుంది?

జవాబు
నాలుగింటికి అవునండి. సద్రాస్, ప్రొవిడియన్, నాగపట్నం, ట్రింకోమలి, ఈ నాలుగూ 1782లోనే జరిగాయి. 1783 జూన్ 20న కడలూరు దగ్గర మాత్రం ఆయన క్లియోపాత్ర్ అనే ఫ్రిగేట్ (చిన్న, వేగమైన యుద్ధనౌక) ఎక్కాడు. అంతకుముందు వెస్టిండీస్‌లో జరిగిన సెయింట్స్ యుద్ధంలో ఫ్రెంచి సేనాని ద గ్రాస్ తన ఓడతో సహా ఇంగ్లీషువాళ్లకు చిక్కాడు కదా, ఇకమీదట సేనాని ఫ్రిగేట్ మీంచే యుద్ధం నడపాలని రాజాజ్ఞ వచ్చింది.

నన్నడిగితే ట్రింకోమలే చేయండి. సెప్టెంబరు 3న ఎరో, ఇల్లస్త్ర్, అజాక్స్ తమవాళ్లకు దూరమై శత్రువుల గుంపులో చిక్కాయి. ఎరో పెద్ద తెరచాప కొయ్య విరిగి పడింది, జెండా దాంతోపాటే పోయింది. ఓడ లొంగిపోయిందని అవతలివాళ్లు కేకలు పెడుతుంటే, తెల్లజెండాలు తెచ్చి ఓడ చుట్టూ కట్టమని సుఫ్రెన్ అరిచాడని చెప్పుకుంటారు. అప్పటి ఫ్రాన్స్ బూర్బన్ రాజుల జెండా తెల్లదే మరి. విరిగిన కొయ్య, చిక్కుపడ్డ తాళ్లు, అంచుల వెంట తెల్లజెండాలు: నమూనాకి ఇంతకంటే ఏం కావాలి!

ఇంకొకరి జవాబు
నా ఓటు నాగపట్నం తర్వాతి మరమ్మతుకి. అప్పటికి ట్రింకోమలి ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉంది. తన నౌకాశ్రయమంటూ లేక సుఫ్రెన్ కడలూరు ముందు లంగరేసి, చిన్న ఓడల కొయ్యలు పీకి పెద్దవాటికి నిలబెట్టించాడు. ఆగస్టు ఆఖరుకి ట్రింకోమలి కోటనే పట్టేశాడు. యుద్ధాల కంటే నాకు ఈ పనే గొప్పగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు
ట్రింకోమలే చేస్తాను. తర్వాత ఈ ఓడ ఏమైంది?

మొదటి జవాబు ఇచ్చినవారు
1784 మార్చిలో ఫ్రాన్స్‌లోని తూలోన్ చేరింది, అది పుట్టిన రేవు కూడా అదే. 1793 డిసెంబరులో ఇంగ్లీషు, స్పానిష్ సేనలు తూలోన్ వదిలిపోతూ నిప్పుపెట్టిన ఓడల్లో ఎరో కూడా కాలిపోయింది. విరిగిన కొయ్య ఫొటో తప్పక పెట్టండి.